ఇంట్లో సముద్రం

నరసరావుపేట నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మా అబ్బాయి తొమ్మిదో తరగతి. అమెరికాలో మా తమ్ముడు గాజు తొట్టెలో సముద్రం పెట్టుకున్నాడు. పగడాలూ, నారింజ రంగు చేపలూ! ఫోనులో అది చూసిన దగ్గర్నుంచీ వీడికి తిండి మీద కూడా ధ్యాస లేదు. దుకాణంలో అడిగితే ఇంత పొడుగు చిట్టా రాసిచ్చారు. అందులో తొట్టె ఖరీదు ఒక వంతైతే, దాని పరివారం ఖరీదు అయిదు వంతులు. మొత్తం మా ఇంటి మూడు నెలల ఖర్చు. వాయిదాల మీద తెద్దామంటారు వాడి నాన్నగారు. వంటింట్లోకి రాని చేపలు మనకెందుకంటారు మా అత్తగారు. ఇంతకీ ఈ యంత్రాలన్నీ లేకుండా ఆ సముద్రం బతకదా? ఉన్నమాట చెప్పండి" అని అడిగారు.

ఉన్నమాట ఏమిటంటే, బతుకుతుంది. అయితే యంత్రాలు తగ్గించుకున్నవాళ్ళు ఓపిక పెంచుకోవాలి. ఆ ఓపిక ఎక్కడ కావాలో, డబ్బు ఎక్కడ తప్పదో తెలిస్తే చిట్టా దానంతట అదే పొట్టిదవుతుంది.

ముందు ఒక చిన్న సూత్రం. చేపల తొట్టెలో పనిచేసేవాళ్ళు మూడు రకాలు. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఒకటి, ఇంట్లో మనుషులు రెండు, యంత్రాలు మూడు. చిట్టాలోని ప్రతి వస్తువునూ "నువ్వు చేసేది ఎవరి పని?" అని నిలదీయండి. అది సూక్ష్మజీవులు చేసే పనైతే వాటికే వదిలెయ్యండి. మనం చెయ్యగలిగి, చేసే ఓపిక కూడా ఉన్న పనైతే మనమే చేద్దాం. ఇద్దరి చేతా కాని పని ఏదైనా మిగిలితే దానికి యంత్రం కొనండి. కొనేటప్పుడు మాత్రం మంచిదే కొనండి.

ఇది నేను కల్పించిన సూత్రం కాదు. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త, గాజు పాత్రలో రెండు బంగారు చేపలు, కాస్త నీటిమొక్క, కొన్ని నత్తలు వేసి చూశాడు. చేప వదిలిన మలినం మొక్కకు ఎరువైంది, మొక్క వదిలిన ప్రాణవాయువు చేపకు ఊపిరైంది, కుళ్ళిన ఆకును నత్త తిన్నది. నీళ్ళు మార్చకుండానే సంసారం సాగిపోయింది. తరవాత 1853లో లండను జంతుప్రదర్శనశాలలో జనమంతా చూడడానికి చేపల శాల తెరిచారు.

ఉప్పు నీళ్ళ సంగతి అంత తేలిగ్గా తేలలేదు. చాలాకాలం సముద్రపు చేప తొట్టెలో నాలుగు రోజులుంటే గొప్పగా ఉండేది. 1961లో జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ అమెరికాలోని ఒక చేపల పత్రికలో తన పద్ధతి రాశాడు. ఆయన సరంజామా ఏమిటో తెలుసా? సముద్రపు నీరు, సముద్రంలో నాని సూక్ష్మజీవులు కాపురమున్న రాళ్ళు, ఎండ, సన్నని గాలి బుడగలు. అంతే. ఆ తొట్టెల్లో పగడాలు బతికాయి. ఆ తరవాత యంత్రాల యుగం వచ్చింది. 1980లలో నీటిని చిలికేవీ, వడకట్టేవీ, చుక్కలు చుక్కలుగా మందులు వేసేవీ ఒకటి వెంట ఒకటి వచ్చిపడ్డాయి. అవి వృథా అని నేననను. చేపలు కిక్కిరిసిన తొట్టెకూ, సుకుమారమైన పగడాలకూ వాటి అవసరం ఉంది. కాని ఆ యంత్రాలున్న తొట్టెల్లో కూడా అసలు చాకిరీ చేస్తున్నది ఆ రాయీ, ఆ ఇసుకా, వాటిలోని సూక్ష్మజీవులేనని అనుభవజ్ఞులు మళ్ళీ ఒప్పుకున్నారు.

చాకిరీ అంటే ఏమిటి? చేప విసర్జించినదీ, తినకుండా వదిలేసినదీ కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఒక జాతి సూక్ష్మజీవి దాన్ని నైట్రైట్ చేస్తుంది. అదీ విషమే. ఇంకో జాతి దాన్ని నైట్రేట్ చేస్తుంది. దాని వల్ల అంత ప్రమాదం లేదు. ఇసుక అడుగున గాలి సోకని చోట ఉండే మరో జాతి దాన్ని నత్రజనిగా మార్చి గాలిలో కలిపేస్తుంది. మన ఇళ్ళల్లో పాలు తోడుపెట్టడం లాంటిదే ఇది. తోడు వేశాక గిన్నెను కదపకుండా, ఆత్రపడకుండా కూర్చోవాలి. కొత్త తొట్టెకు ఈ తోడుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపల దుకాణానికి ఎక్కువ లాభం ఈ ఆరు వారాలు ఆగలేనివాళ్ళ వల్లే. చేపలు చస్తాయి, యంత్రం లేకపోబట్టి చచ్చాయనుకుని యంత్రం కొంటారు.

ఇక, డబ్బు కంటే ముందు తెలుసుకోవలసినది ఒకటుంది. మన దేశంలో సముద్రం నుంచి తీసిన పగడాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులి ఉన్న జాబితాలోనే, 2001లో దిబ్బలు కట్టే పగడాలనూ, సముద్రపు విసనకర్రలనూ, సముద్రపు గుర్రాలనూ చేర్చారు. శిక్ష మూడేళ్ళకు తక్కువ కాని జైలు. బతికున్నదైనా, ఎండిపోయిన కొమ్మైనా అంతే. మన్నారు సింధుశాఖలోనూ, లక్షద్వీపాలలోనూ, అండమానులోనూ ఉన్న దిబ్బలు అసలే వేడెక్కిన సముద్రం వల్ల 1998లోనూ, 2010లోనూ, 2016లోనూ తెల్లబోయి దెబ్బతిన్నాయి. వాటిని పీక్కొచ్చి మన హాల్లో పెట్టుకోవడం ఏ రకంగానూ ముచ్చట కాదు. "ఫరవాలేదు, అందరూ కొంటున్నారు" అని దుకాణదారు అంటే, ఆ మాట ఒక్కటే ఆ దుకాణం నుంచి బయటికి రావడానికి చాలు.

మరి ఏం పెట్టుకోవాలి? ఇసుక, సెరామిక్ రాళ్ళు, తొట్టెలో పుట్టి పెరిగిన క్లౌన్ చేపల జంట. ఆ నారింజ రంగు చేపలవే. తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం పరిశోధన కేంద్రాల్లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వీటిని గుడ్ల నుంచి పెంచే పద్ధతి సాధించారు. కొనేటప్పుడు "పెంచినవా, పట్టినవా?" అని అడిగి పెంచినవే తీసుకోండి. తొట్టెలో పుట్టినది తొట్టె తిండికి అలవాటుపడి ఉంటుంది. సముద్రానికీ లోటు రాదు. రాళ్ళకేం, మన పలనాటి నాపరాయి పెడదామంటారేమో! నాపరాయి దట్టమైనది, రంధ్రాలుండవు. సూక్ష్మజీవులకు గుల్లరాయి కావాలి. నాపరాయిని నేల మీదే ఉండనివ్వండి.

ఆ నేల మీది నాపరాయి గురించి ఒక్క మాట. శ్రీనాథుడు పలనాటి రాళ్ళనూ నీళ్ళనూ ఎగతాళి చేశాడని ప్రతీతి. ఆయనకు తెలియనిది ఏమిటంటే ఆ రాళ్ళు ఒకనాటి సముద్రపు అడుగు. యాభై కోట్ల ఏళ్ళకు పైమాటే. ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురదే గట్టిపడి రాయి అయింది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకూ, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకూ ఆ రాయే ముడిసరుకు. ఆనాటికి పగడపు పురుగు ఇంకా పుట్టనే లేదు. అంచేత పలనాటివారు ఇంట్లో సముద్రం పెట్టుకుంటే అది కొత్త సంగతేమీ కాదు, పాత చుట్టం తిరిగి రావడమే.

ఇక చిట్టాకు వద్దాం.

తొట్టె: మరీ చిన్నది కొనకండి. చిన్న తొట్టె చవక అనుకుంటారు గాని, నీరు తక్కువైనకొద్దీ వేడైనా, ఉప్పైనా, విషమైనా గంటల్లో పెరుగుతుంది. మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉంటే, రాయీ ఇసుకా పోను నూరు లీటర్ల నీరు పడుతుంది. బరువు నూటయాభై కిలోలు దాటుతుంది గనక బల్ల గట్టిదై ఉండాలి.

నీరు, ఉప్పు: మన బోరు నీళ్ళు చవుడు. మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్. అంచేత యంత్రంతో శుద్ధి చేసిన డబ్బా నీళ్ళే వాడండి. నీటిలో కరిగిన లవణాలు చూపే చిన్న మీటరుతో ఒకసారి పరీక్షించండి. డబ్బా మీద ముద్ర ఉన్నంత మాత్రాన నీరు శుద్ధమని కాదు. ఉప్పు కూరల్లో వేసేది పనికిరాదు. సముద్రపు నీటిలో సోడియంతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం అన్నీ పాళ్ళలో ఉంటాయి. అందుకోసం అమ్మే ఉప్పే కొనాలి. లీటరుకు సుమారు 35 గ్రాములు. నూరు లీటర్లకు మూడున్నర కిలోలు. ఆపైన వారానికి పది లీటర్లు తీసి కొత్త నీరు పొయ్యడానికి 350 గ్రాములు. ఏడాదికి పద్ధెనిమిది కిలోలు. ఏనుగును కొనడం కాదు, మేపడం చూడాలన్నారు పెద్దలు. ఈ లెక్క ముందే వేసుకోండి. సూర్యలంక తీరానికి వెళ్ళి బిందెలతో తెచ్చుకుందామంటే అదీ కుదరదు. మన తీరంలో కృష్ణ, గోదావరి తెచ్చే మంచినీరూ, ఒండ్రూ కలుస్తాయి. మన ఒడ్డున పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి అదొక కారణం.

నీరు కదిలే పంపు: ఇది తప్పదు. ఏ సూక్ష్మజీవీ, ఏ గృహిణీ రోజంతా నీటిని కదపలేదు. దీనికి తోడు కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ గాలిపంపు ఒకటి. నీరు కదలకపోతే ప్రాణవాయువు తగ్గి చేపలు గంటల్లో పోతాయి.

నురుగు యంత్రం: సముద్రపు ఒడ్డున తెల్లగా తేలే నురుగులో మలినాలుంటాయి. ఆ పనినే గొట్టంలో చేయించేది ఈ స్కిమ్మర్. మంచి యంత్రమే. కాని రెండే చేపలకు, వారంవారం నీరు మార్చే ఇంటికి అవసరం లేదు. పిండి కొద్దీ రొట్టె.

దీపాలు: ఖరీదైన దీపాలు పగడాల కోసం. పగడపు ఒంట్లో సూక్ష్మమైన నాచు ఉంటుంది, అది ఎండతో వంట చేసి పగడానికి పెడుతుంది. మన తొట్టెలో పగడం లేదు గనక మామూలు ఎల్.ఇ.డి. చాలు. అయితే లీ చిన్ ఎంగ్ చెప్పాడని కిటికీ పక్కన పెట్టకండి. జకార్తాలో పనికొచ్చిన ఎండ పలనాటిలో పనికిరాదు.

చల్లబరిచే యంత్రం: అసలు చిక్కు ఇక్కడే. మే నెలలో రెంటచింతల పేరు పత్రికల్లోకి ఎందుకెక్కుతుందో పలనాటివారికి చెప్పనక్కర్లేదు. 45 డిగ్రీల ఎండలో తొట్టె నీరు ఏం కావాలి? ఈ చేపలకు 27, 28 డిగ్రీలు సుఖం. 30 దాటి నిలిస్తే కష్టం. దానికి మన కుండే ఉపాయం చెబుతుంది. కుండ గోడల నుంచి చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. తొట్టె మూత తీసి, వల కప్పి, నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే అదే జరుగుతుంది. పలనాటి వేసవి గాలి పొడిగా ఉంటుంది గనక ఈ ఉపాయం ఇక్కడ బాగా పారుతుంది. తేమ ఎక్కువైన రోజుల్లో అంతగా పారదు. పది వాట్ల ఫ్యాను నెలంతా తిరిగితే ఏడు యూనిట్లు. రెండు వందల వాట్ల చల్లయంత్రం రోజుకు పన్నెండు గంటలు ఆడితే డెబ్భై రెండు.

ఫ్యానుతో సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది? ప్రాణి ఏదీ వెయ్యకుండా ఒక మే నెల తొట్టెలో నీరు మాత్రం నింపి, లోపలి గదిలో పెట్టి, ఫ్యాను తిప్పి, మధ్యాహ్నం మూడు గంటలకు రోజూ థర్మామీటరు చూసి అబ్బాయిని పుస్తకంలో రాయమనండి. నెలంతా 30 లోపు ఉంటే చల్లయంత్రం అక్కర్లేదు. దాటితే యంత్రమైనా కొనాలి, సరదా అయినా మానాలి. అక్కడ పొదుపు పేరు చెప్పి చేపలను ఉడికించడం నిరాడంబరం కాదు, నిర్లక్ష్యం.

ఫ్యాను వల్ల నీరు రోజుకు లీటరో, రెండో ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఉండిపోతుంది. అంచేత రోజూ నింపేటప్పుడు మంచినీరే పొయ్యాలి. ఉప్పు నీరు పోస్తే నాలుగు రోజుల్లో ఉప్పుమడి అవుతుంది.

ఇక్కడ అమెరికాలోని మీ తమ్ముడికి ఒక కబురు. అక్కడ తొట్టెల్లోనే పిలకలు వేయించి పెంచిన పగడాలు చట్టబద్ధంగా దొరుకుతాయి. పగడం తన గూడు కట్టుకోవడానికి నీటిలోని సున్నాన్ని రోజూ తీసుకుంటుంది. ఆ లోటు తీర్చే యంత్రాలు ఖరీదైనవి. కాని 1970లలో పీటర్ విల్కెన్స్ అనే నిపుణుడు ప్రచారం చేసిన ఉపాయం చాలా చిన్నది. ఆవిరైన నీటికి బదులు పోసే నీటిలో సున్నం కలిపి, తేరనిచ్చి, ఆ తేటను చుక్కలు చుక్కలుగా వెయ్యడం. జర్మనులో దాన్ని కాల్క్‌వాసర్ అంటారు. మన ఇళ్ళల్లో దానికి పేరు సున్నపు తేట! లీటరు నీటికి గ్రామున్నర సున్నం చాలు, అంతకంటే పెద్దగా కరగదు. మూత పెట్టాలి, లేకపోతే గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలి పైన మీగడలా సుద్ద కడుతుంది. రాత్రిపూట నెమ్మదిగా పడాలి. ఒక్కసారి గుమ్మరిస్తే నీటి క్షారం పెరిగి ప్రాణులన్నీ పోతాయి. కంట్లో పడకూడదు. బట్టీ సున్నంలో వేరే మలినాలుంటాయి గనక శుద్ధమైన సున్నమే వాడాలి. అయినా వస్తువు అదే. సముద్రపు అడుగు రాయి అయింది, రాయి బట్టీలో కాలి సున్నమైంది, సున్నం తేటై తొట్టెలో పడి మళ్ళీ రాయి అవుతుంది. మన ఇంట్లో రెండు చేపలే ఉన్నన్నాళ్ళు ఈ తేట అవసరం రాదు. వారంవారం మార్చే నీటిలోనే కావలసిన సున్నం ఉంటుంది.

ఇంత దూరం వచ్చాక చిట్టాలో మిగిలినవి ఇవి: తొట్టె, బల్ల, ఇసుక, రాళ్ళు, ఉప్పు, పంపు, బ్యాటరీ గాలిపంపు, చిన్న ఫ్యాను, మామూలు దీపం, థర్మామీటరు, ఉప్పు కొలిచే సాధనం, నీటి మీటరు, అమ్మోనియా పరీక్షించే చుక్కలమందు. కొలిచే సామాను దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. యంత్రం లేని ఇంటికి కళ్ళే యంత్రం, కొలతే వైద్యుడు.

ఒక్క విషయం దుకాణంలో ఎవరూ చెప్పరు. క్లౌన్ చేప బాగా చూస్తే పదేళ్ళకు పైగా బతుకుతుంది. తొమ్మిదో తరగతి పిల్లవాడు రెండేళ్ళలో హాస్టలుకు వెళ్ళిపోతాడు. అప్పుడు ఆ తొట్టె ఎవరిది? అమ్మది. అంతేకాదు, యంత్రాలు ఎన్ని ఉంటే చెడిపోయేవి అన్ని. అర్ధరాత్రి ఏదో ఎర్రదీపం వెలిగి కూతపెడితే దాని భాష తెలిసినవాడు విజయవాడలోనో, గుంటూరులోనో ఉంటాడు. అంచేత నిరాడంబరమైన తొట్టె గొప్ప చవకతనం కాదు. ఇంట్లో ప్రతి ఒక్కరికీ అర్థమయ్యే తొట్టె కావడమే దాని గొప్ప. చిటికెడు మేత, లీటరు మంచినీరు, ఒకసారి థర్మామీటరు, రోజుకు పావుగంట. వారానికి ఒకనాడు గంట. ఈ పని నాన్నగారికీ చేతనవుతుంది, తలచుకుంటే నానమ్మగారికీ చేతనవుతుంది.

కనుక వాయిదాల మాట ఆపండి. ముందు ఈ వేసవి నీళ్ళ తొట్టె పెట్టించండి. పిల్లవాడు నెల రోజులు తప్పకుండా అంకెలు రాస్తే ఇసుకా రాళ్ళూ కొనివ్వండి. ఆరు వారాలు ఖాళీ నీటిని చూస్తూ ఆగగలిగితే చేపలు కొనివ్వండి. ఆగలేకపోతే మీకు పోయింది ఒక గాజు తొట్టె. అందులో తామరో, కలువో వేసుకోవచ్చు. ఏ ప్రాణమూ పోలేదు.